కత్తెర – కుంచె



హైదరాబాదునుండి మెదకునకు పోవు బాటలో, అడవిని ఆనుకొనియున్న నర్సాపూర్ మా ఊరు. ఆ అడవిని, మా చెరువును గూర్చి పది నిమిషముల చిత్రమొకటి తీయుటకు మేము కొందరము పూనుకొంటిమి. మాలో ఒకరు ఎడిటర్. తీసిన దృశ్యములను కత్తిరించి వరుసగా కూర్చువారు. మరియొకరు మోషన్ గ్రాఫిక్స్ చిత్రకారులు. కదలు అక్షరములను, పటములను కంప్యూటరుపై గీయువారు. వారిరువురి నడుమ జరిగినదానినుండి మేము నేర్చుకొన్న పాఠమును మనవి చేయుదుము.

చెరువులోనికి నీరు వచ్చు దారిని చూపు పటము మా చిత్రములో 10 సెకనులు నడువవలెను. చిత్రకారులు సెకనుకు 30 బొమ్మల చొప్పున 300 బొమ్మలు గీసి యిచ్చిరి. ఎడిటర్ పని సెకనుకు 25 బొమ్మల లెక్కన సాగుచుండెను. అక్కడ ఆ 300 బొమ్మలు 12 సెకనులైనవి. వ్యాఖ్యానము ముగిసినను పటము నడచుచునే యుండెను. అంతలో ఎడిటర్ ఆ ఘట్టమునే కుదించివైచిరి. రెండు రాత్రుల శ్రమ వ్యర్థమయ్యెను. తప్పు మీదనగా, కాదు మీదేయని వాదము పెరిగెను.

ప్రదర్శననాడు అంతకు మించిన చిక్కు వచ్చినది. తెరపై మా ఊరి పేరే విరిగి కనబడినది. రేఫ క్రింద కుదురుకొనవలసిన సకారపు వత్తు విడివడి పక్కకు జరిగినది. ముందువరుసలోని పెద్దలు చూచి నవ్విరి. ఆ నవ్వు మమ్ము చాల నొప్పించినది.

ఆలోచింపగా, ఇరువురిలో ఎవరికిని నేర్పు కొరవడలేదు. పనికి ముందు కలిసి మాటలాడుకొనకపోవుటయే లోపము. ఎవరికి వారే యమునా తీరే యన్నట్లు నడచితిమి.

ఇట్టి చిక్కు మన చిత్రసీమకు క్రొత్తది కాదు. 1957లో వెలువడిన ‘మాయాబజార్’లో మార్కస్ బార్ట్లీ మాయలు చాలవరకు కెమెరాలోనే పట్టినారు. కెమెరాలో పట్టిన మాయను తరువాత దిద్దుట కష్టము. కనుక అందరును ముందే ఒక నిశ్చయమునకు రావలెను. 2012లో రాజమౌళి తీసిన ‘ఈగ’లో కథానాయకుడు మరణించి ఈగయై పుట్టును. ఆ ఈగ కంప్యూటరుపై పుట్టినదే. ఇట్టి చిత్రములలో ఎడిటర్ ఎదుట మొదట ఉండునది ఈగ లేని దృశ్యము. దృశ్యపు నిడివి తేలవలెనన్న ఈగ కదలిక తెలియవలెను; కదలికను గీయవలెనన్న నిడివి తెలియవలెను. ముతక బొమ్మను ముందు పెట్టి, దానితో కూర్పు సరిచూచుకొని, నిడివి స్థిరపడిన తరువాతనే మెరుగు దిద్దినచో ఈ ముడి విడును. ‘ఈగ’లోని ప్రత్యేక దృశ్యములకు మకుట సంస్థ జాతీయ పురస్కారమును పొందినది.

చిన్న పనికిని ఇదియే పద్ధతి. సెకనుకు బొమ్మలెన్ని, తెర కొలత యెంత యను సంగతులను మొదటనే ఒక కాగితముపై వ్రాసికొనవలెను. చిత్రకారులు ప్రతి బొమ్మవరుసకు మొదట, చివర అరసెకను చొప్పున అదనముగా ఈయవలెను. ఎడిటర్ సవరించుకొనుటకు చోటుండును. కూర్పు స్థిరమైనదని చెప్పిన పిమ్మట ఎడిటర్ మార్పు చేయదలచినచో, కత్తెర వేయకముందే చిత్రకారులకు కబురు పెట్టవలెను. ప్రతి ప్రతికి వరుససంఖ్య వేయవలెను; ‘చివరిది’, ‘మరీ చివరిది’ యను పేర్లు పెట్టరాదు. తెలుగు అక్షరముల విషయమున, భారతీయ లిపులను కూర్చగల అమరికను కంప్యూటరులో ఎంచుకొని, వత్తులు సరిగా నిలిచినపిదప అక్షరములను గీతలుగా మార్చి యిచ్చినచో, వేరొక యంత్రముపై ఆ ఖతి లేకున్నను చెదరవు. కడపట తెలుగు చదువగలవారొకరు తెరపైననే సరిచూడవలెను.

ఈ కట్టుబాటుతో మేము ఆ చిత్రమును తిరిగి కూర్చితిమి. పటము మాటతోపాటే ముగిసినది. ‘నర్సాపూర్’ చక్కగా నిలిచినది. మొదట నవ్విన పెద్దలే ఈసారి ఆ పేరును బిగ్గరగా చదివిరి. చివర పేర్లలో ఎడిటర్‌ను, చిత్రకారులను ఒకే వరుసలో వేసితిమి. ఏ పేరు ముందుండవలెనని ఎవరును అడుగలేదు.

సెలవు.