భీమిలి దారిలో

గడచిన రోహిణికార్తెలో మేమిద్దరమును నందిగామనుండి విశాఖపట్టణము చేరి, అచటినుండి కారులో సముద్రపుటొడ్డు వెంబడి భీమునిపట్టణమునకు పోయితిమి. ఒకప్రక్క కొండలు, ఒకప్రక్క కెరటములు. వాననీరు కోసిన ఎఱ్ఱమట్టిదిబ్బల లోయలలో నడచితిమి.

తిరుగుదారిలో మంగమారిపేట చెంత తొట్లకొండ ఎక్కితిమి. నీటికై రాతిలో తొలిచిన తొట్లవలననే దానికా పేరు. 1976లో నౌకాదళమువారి విమాన సర్వేలో ఈ బౌద్ధవిహారము బయటపడినది.

"ఏమండీ, మన జగ్గయ్యపేట స్తూపం ఎప్పుడైనా చూశామా?" అని మా యిల్లాలు అడిగినది. మేము మారుపలుకలేకపోతిమి. ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని 20వ యేట సిద్ధార్థుడను శిల్పి ఐదు ఆయకస్తంభములు నిలిపిన చోటు అది. మా యింటికి గంట ప్రయాణమైనను లేదు.

మరునాడు నందిగామలో ఆగక, జగ్గయ్యపేట పోయి వచ్చిన పిమ్మటనే ఇంటి తాళము తీసితిమి.