విప్పి బాగుచేసుకోగల వస్తువు

ఈరోజు ఇంజనీరింగ్ పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ మనసారా అభినందనలు.

త్వరలో మీలో చాలామందికి మొదటి జీతం వస్తుంది. ఇన్నాళ్లూ ఇంట్లో అడగకుండా దాచుకున్న కోరికలు తీర్చుకోండి. లేనివాళ్లకు పొదుపు పాఠాలు చెప్పడం నాకు ఇష్టం ఉండదు. నా బాధంతా అవసరం తీరాక కూడా ఆగని కొనుగోళ్ల గురించి, వాటిని ఆగనివ్వని తయారీ గురించి.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించడం మీ అమ్మమ్మలకు బాగా తెలుసు. కళాయి వేసే మనిషి వీధిలో చిన్న గుంట తవ్వి, తిత్తి ఊది బొగ్గులు రాజేసేవాడు. శుభ్రంగా తోమిన గిన్నెను నిప్పుల మీద కాల్చి నవాసారం చల్లితే గుప్పున తెల్లటి పొగ లేచేది. వెంటనే తగరం ముక్క ఆనించి, కరిగిన తగరాన్ని దూదితో గిన్నె లోపలంతా పామేవాడు. చూస్తుండగానే గిన్నె వెండిలా మెరిసేది. చింతపండు పులుసు కాచినా చిలుమెక్కకుండా ఆ పూత కాపాడేది. అరిగిపోతే మళ్లీ వేయించేవారు. గిన్నె మాత్రం తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి వెళ్లేది. పాత చీరలు బొంతలయ్యేవి, బొంత చిరిగితే మసిగుడ్డలయ్యేవి. అందులో కొంత లేమి ఉంది, కాదనను. ఆ పొగ పీల్చిన మనిషికి దక్కిన కూలీ కూడా స్వల్పమే. కానీ కలిగినవాళ్లూ గిన్నెలకు కళాయి వేయించారు, బొంతలు కుట్టించారు. ఎవరో కష్టపడి చేసిన వస్తువును ఊరికే పారేయడానికి మనసొప్పేది కాదు. నా దృష్టిలో సంస్కృతి అంటే ఆ మనసే.

ఆ మనసుతోనే ఆలోచించిన ఆర్థికవేత్త జె.సి. కుమారప్ప కొలంబియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి, బొంబాయిలో ఆడిటర్ వృత్తి వదిలేసి గాంధీజీతో గ్రామ పరిశ్రమల పనికి వెళ్లిపోయారు. 1945లో ఆయన ‘ఎకానమీ ఆఫ్ పర్మనెన్స్’ రాశారు. తోడేకొద్దీ తరిగిపోయే బొగ్గు, చమురు లాంటి నిల్వల మీద బతుకు కట్టుకుంటే వాటి కోసం కొట్లాట తప్పదన్నారు. ఫోను బ్యాటరీలో వాడే కోబాల్ట్ కూడా అలాంటి నిల్వే. ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో సగానికి పైగా కాంగో గనులదే. ఫోను తన జీవితకాలంలో కలిగించే కర్బన ఉద్గారాల్లో ఎక్కువ భాగం తయారీలోనే పుడుతుంది. రెండేళ్లకు మార్చే ఫోనును ఐదేళ్లు వాడితే ఎంత మిగులుతుందో మీరే లెక్క వేయగలరు.

అయితే అన్నేళ్లు వాడనిచ్చేలా దాన్ని తయారు చేస్తున్నామా? వస్తువును ఎక్కువ కాలం పనిచేయనివ్వకపోవడం కొత్తేమీ కాదు. 1924లో జెనీవాలో ఫిలిప్స్, ఆస్రాం వంటి బల్బుల కంపెనీలు ఫీబస్ అనే కూటమి కట్టాయి. బల్బు వెయ్యి గంటల్లో మాడిపోవాలని నిర్ణయించాయి. అంతకన్నా ఎక్కువసేపు వెలిగే బల్బు చేసిన కంపెనీకి జరిమానా వేశాయి. బాగా చదువుకున్న ఇంజనీర్లు కూర్చుని, వస్తువు ఆయుష్షు తగ్గించడం ఎలాగో పరిశోధించారు! తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. చేతికొచ్చిన విద్యకు అంతకన్నా అవమానం ఉందా?

కాలం కొంత మారుతోంది. మన ప్రభుత్వం 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. చేతిలో ఇమిడే పరికరాల్లో చాలావాటి బ్యాటరీని వాడేవాళ్లే మార్చుకోగలగాలన్న యూరప్ నియమం 2027 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వస్తుంది. కానీ చట్టం వచ్చేదాకా ఎదురుచూడకండి. “జిగురుతో అతికించేద్దాం, చవకలో అయిపోతుంది” అని మీ ఆఫీసు మీటింగులో ఎవరో అంటారు. “స్క్రూ పెడదాం” అని మీరు అనండి. ఒక్కసారికి వినకపోతే మళ్లీ అనండి.

ఉద్యోగంలో చేరేముందు ఒకసారి హైదరాబాదులో ఫోన్లు బాగుచేసే జగదీశ్ మార్కెట్‌కు వెళ్లండి. అక్కడి కుర్రాళ్లు వేడిగాలి కొట్టి, జిగురు మెత్తబడ్డాక, తెర పగలకుండా ఫోను ఎలా విప్పుతారో పక్కన నిలబడి చూడండి. ఏ కంపెనీ ఫోను విప్పడం కష్టమో, ఎక్కడ తెగుతుందో, ఏ విడిభాగం దొరకదో అడిగి రాసుకోండి. మీ మొదటి డిజైన్ గీసేటప్పుడు ఆ కాగితం బల్ల మీద పెట్టుకోండి.