పేతురు మన రాయప్ప

మొన్న గుంటూరు బ్రాడీపేటలో బారసాలకు వెళ్తే, కొత్త అమ్మ ఫోన్లో ఫ్రెంచి పేర్లు వెతుకుతోంది. అంతదూరం ఎందుకమ్మా, అన్నాను. పక్కనే ఫిరంగిపురం ఉందిగా!

ఆ ఊరి చుట్టుపక్కల క్యాథలిక్ ఇళ్లలో రాయప్పలు, చిన్నప్పలు, చిన్నపరెడ్లు కనిపిస్తారు. ఫ్రెంచి పియర్, పోర్చుగీసు పేద్రో రెండూ గ్రీకు పెత్రోస్ నుంచి పుట్టినవే. అర్థం, రాయి. అందుకే పేతురు మనకు రాయప్ప. పౌలుకు మూలం లాటిన్ పౌలుస్, అంటే చిన్నవాడు. ఆయనే చిన్నప్ప! పలుకును వదిలేసి అర్థాన్నే తెలుగు చేశారు, గడుసువాళ్లు. ఇన్నాసయ్య దారి వేరు: పోర్చుగీసు ఇనాసియోకు మన అయ్య తగిలింది.

అన్నట్టు, ఫిరంగి అనే మాట ఫ్రాంకు జాతి పేరు నుంచి అరబ్బీ, పారశీకాల మీదుగా వచ్చింది. ఫ్రెంచి ఫ్రాన్సువా, పోర్చుగీసు ఫ్రాన్సిస్కోలకూ మూలం ఆ ఫ్రాంకులే.