జంగ్లాత్ కొలువుకు పోయిన మన పిల్లలు

(హనుమకొండలో మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



‘అడవి - స్త్రీలు’ అనే అంశం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ మాట వినగానే కట్టెల మోపు నెత్తిన పెట్టుకున్న కోయ స్త్రీ, తునికాకు కట్టలు కడుతున్న లంబాడా స్త్రీ మన కళ్ల ముందుకు వస్తారు. వాళ్ల కోసం మనం ఎన్నోసార్లు రేంజ్ ఆఫీసుల ముందు కూర్చున్నాం, వినతిపత్రాలు ఇచ్చాం, గుంజుకుపోయిన గొడ్డళ్లు తిరిగి ఇప్పించాం. జంగ్లాతోడు అంటే మన లెక్కలో ఖాకీ బట్టలేసుకున్న మగవాడు. ఇప్పుడు ఆ బట్టల్లో ఇరవై మూడేళ్ల ఆడపిల్ల ఉంది. ఈ సంగతి మనం సరిగా పట్టించుకోలేదు. ఇవాళ ఆ పిల్ల గురించే మాట్లాడతాను.

2017లో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 1,857 ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. పాత పేరు ఫారెస్ట్ గార్డు. ఇంటర్ చదువు చాలు. కానీ కొలువులు దొరకని కాలం, డిగ్రీ చేతికొచ్చిన ఆడపిల్లలూ రాశారు. నాకు తెలిసిన అమ్మాయి అట్లా రాసినదే. జనగామ దగ్గర పల్లె. జనగామ అంటే పత్తి చేలు, బోర్లు, బోడ గుట్టలు. అడవి పేరుకే ఉన్న జిల్లా. అదే గడ్డ మీద పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన పంట తాను ఇంటికి చేర్చుకుంది. ఆ కథ వింటూ పెరిగిన పిల్ల ఈమె.

నడక పరీక్షలో మగవాళ్లు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి, ఆడవాళ్లు 16. వాళ్ల నాయిన సైకిల్ మీద వెనక వస్తుంటే తెల్లవారుజామున చెరువు కట్ట మీద నడిచి నేర్చుకుంది. ఈ దేహదారుఢ్య పరీక్షల గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. కొన్ని రాష్ట్రాల్లో ఈ ఉద్యోగాలకు ఆడపిల్లల ఛాతీ కూడా టేపు పెట్టి కొలిచేవాళ్లు. అది స్త్రీ గౌరవాన్ని దెబ్బతీయడమేనని రాజస్థాన్ హైకోర్టు 2023 ఆగస్టులో గట్టిగా చెప్పింది. అంత కాలం ఎవరికీ అది తప్పుగా తోచలేదు. మనకూ తోచలేదు.

కొలువు వచ్చింది. పోస్టింగు భూపాలపల్లి వైపు. ఆమె మా ఆఫీసుకు వచ్చింది కేసు పని మీద కాదు, కిరాయి గది కోసం. భూపాలపల్లి ఒక పక్క సింగరేణి బొగ్గు గనులు, కరెంటు ఫ్యాక్టరీ. ఇంకో పక్క టేకు, నల్లమద్ది, ఇప్ప చెట్ల అడవి. పట్నంలో గది దొరికినా బీట్‌కు దూరం. బీట్ దగ్గరి ఊళ్లో ఇల్లు అడిగితే మొదటి ప్రశ్న ‘ఏమిట్లు?’ రెండోది ‘పెండ్లయిందా?’ మూడోది ‘రాత్రి డ్యూటీ నుంచి ఎవరు దింపుతరు?’ ఒక ఇల్లుగలామె మాత్రం వేరే మాట అన్నది. ‘నువ్వు మంచిదానివే బిడ్డా. జంగ్లాతోళ్లకు ఇల్లు ఇస్తే రేపు ఊరు నాతోని మాట్లాడది.’ కులం అడిగినవాళ్ల మీద కోపం వచ్చింది గానీ ఈమె మీద రాలేదని ఆ పిల్లే నాతో చెప్పింది. చివరికి ఒక అంగన్‌వాడీ టీచరు తన ఇంట్లో ముందరి గది ఇచ్చింది.

ఆమె చేరిన ఆఫీసులో ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి లేదు. అడవిలో తిరిగేటప్పుడు వెంట ఇద్దరు ముగ్గురు మగవాళ్లు. పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేసింది. ఎండాకాలం, ఆకులు ఊడ్చి మంటలు పాకకుండా ఫైర్ లైన్లు కొట్టించే రోజులు. రెండు నెలల్లో మూత్రంలో మంట, జ్వరం. డాక్టరు నీళ్లు బాగా తాగమన్నాడు! పైఅధికారి ఒకాయన రాత్రిళ్లు ఫోన్లు చేయడం కూడా అప్పుడే మొదలైంది. ‘అడవిలో పని, ఆఫీసులో కాదు కదా, ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలె’ అని ఆమె అడిగింది. లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ప్రకారం ఉద్యోగం పని మీద పోయిన ప్రతి చోటూ పనిస్థలమే. అడవి బాటా పనిస్థలమే, పోయే జీపూ పనిస్థలమే. పదిమంది ఉన్న ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండాలి, చిన్న చోట్ల వాళ్లకు జిల్లాకు ఒక స్థానిక కమిటీ ఉండాలి. మూడు నెలల లోపల ఫిర్యాదు ఇవ్వాలి. మీ జిల్లాలో ఆ కమిటీలో ఎవరెవరున్నారో మీలో ఎందరికి తెలుసు? నాకూ ఆ రోజు దాకా తెలియదు.

ఇవన్నీ ఉన్నా ఆమె పారిపోలేదు. అందుకు కారణం వెంట నడిచే ముసలి వాచర్. కోయ తాత. ఆమె ‘తాతా’ అంటుంది, ఆయన ‘మేడం’ అంటాడు. ఏ చెట్టు బెరడు ఎట్లుంటదో, ఎలుగుబంటి ఇప్పపువ్వు తిని ఎటు పోయిందో ఆయనే చూపించాడు. ఈ అడవుల్లోకి ఇప్పుడు మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి పులులు వచ్చి పోతున్నాయి. వాగు ఇసుకలో పులి అడుగు మొదటిసారి చూసిన రోజు పొద్దుపోయినాక నాకు ఫోన్ చేసింది. ఆ గొంతులో సంబరం నేను మరిచిపోలేను. జీతం కోసమే పోయిన పిల్లకు ఆ పని మీద ప్రేమ పుట్టింది. అడవిని కాపాడే పనిని మనం తేలికగా తీసిపారేయకూడదు.

తొలకరి పడినాక ఇంకో ఫోన్ వచ్చింది. పోడు చెలక చుట్టూ కందకం తవ్వించడానికి మిషన్ వెంట ఈమెను పంపారు. ఆడవాళ్లు అడ్డం పడుకుంటారు కాబట్టి ఆడ ఉద్యోగినిని ముందు పెట్టారు. గమనించారా, స్త్రీలకు ఉద్యోగం ఇచ్చి దానితో ఏం పని చేయిస్తున్నారో! వాళ్లమ్మ వయసు మనిషి ఒకామె విత్తనాల సంచి పట్టుకొని ‘నీకు నెల తిరిగితే జీతమొస్తది బిడ్డా, మాకు ఏమొస్తది?’ అన్నదట. ఫోన్‌లో మా పిల్ల ఏడ్చింది. ‘ఐలమ్మ వడ్లు గుంజుకపోను వచ్చినోళ్ల లెక్క నిలబడ్డ అక్కా’ అన్నది.

నేనేం చెప్పాలి? ఇరవై ఏళ్లుగా ఆ విత్తనాల సంచి ఆమె వైపు నిలబడ్డదాన్ని. అట్లని ఈ పిల్లను వదిలేయాలా? 2019 జూన్ 30న కాగజ్‌నగర్ దగ్గర సార్సాలలో మొక్కల పనికి ట్రాక్టర్లతో పోయిన మహిళా రేంజ్ ఆఫీసరును కర్రలతో కొట్టారు, దేశమంతా టీవీల్లో చూసింది. 2022 నవంబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఎర్రబోడులో రేంజ్ ఆఫీసరు శ్రీనివాసరావును గొత్తికోయలు నరికి చంపారు. ఆదేశాలు రాసేవాళ్లు ఆ చెలకల్లోకి రారు. కిందివాళ్లు కిందివాళ్లతో తలపడతారు.

ఆమెకు నేను పంపింది 2006 అటవీ హక్కుల చట్టం కాపీ. శిక్షణలో వన్యప్రాణి చట్టం ఎంత చెప్పారో దీన్ని అంత చెప్పలేదట. దాంట్లో నాలుగో సెక్షన్ చదవమన్నాను. హక్కుల పరిశీలన పూర్తయ్యే దాకా సాగులో ఉన్న ఆదివాసీని గానీ ఇతర అటవీవాసిని గానీ ఖాళీ చేయించరాదు. పట్టా భార్యాభర్తలిద్దరి పేర ఉండాలి, ఒంటరి స్త్రీ అయితే ఆమె పేరే. ఊరి హక్కుల కమిటీలో మూడో వంతు స్త్రీలుండాలి. 2023 జూన్ చివర నుంచి రాష్ట్రంలో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచారు. పట్టా రానివాళ్ల దరఖాస్తులు ఏమయ్యాయో ఊరి స్త్రీలకు కాగితం మీద చెప్పినవాళ్లు లేరు.

ఆమె పైవాళ్లను ఎదిరించలేదు. మీరు అట్లాంటి కథ కోసం చూస్తున్నారేమో, లేదు. ఆ చెలక దరఖాస్తు పెండింగులో ఉందని ఒక నోట్ రాసి పైకి పంపింది. కందకం పని ఆ వానకాలం ఆగింది. తర్వాత ఆమెకు మెమో వచ్చింది, ఇప్పటికీ నడుస్తోంది. ఆ ఊరి స్త్రీలు ఆమెతో ఇంకా మాట్లాడరు. కానీ అడ్డం పడుకున్న వాళ్లలో ఒకామె మాత్రం మండుటెండలో తన గుడిసె వెనక తడిక దడిలో స్నానాల చోటు చూపించి ‘ఈడికి పో బిడ్డా’ అన్నదట.

మహబూబాబాద్ వైపు తండా నుంచి వచ్చిన ఇంకో అమ్మాయికి మరీ చిక్కు. ఆమె బీట్‌లో పోడు చేసేది సొంత మేనమామ. బదిలీ అడిగితే ‘ఇంటి మనిషివి, నువ్వే ఒప్పించు’ అన్నారు.

మన సంఘం ఇంతవరకు ఒక్క గడపకే పోయింది. ఇకనుంచి రెండింటికీ పోవాలని నా ప్రతిపాదన. ఉద్యోగినుల మరుగుదొడ్ల కోసం, కమిటీల కోసం, ఒంటరిగా రాత్రి గస్తీకి పంపకుండా ఉండటం కోసం మనం అర్జీ ఇద్దాం. అదే రోజు అదే ఆఫీసులో పోడు దరఖాస్తుల అర్జీ కూడా ఇద్దాం. వాళ్లు ఆశ్చర్యపోతే పోనీ.

ఒక చిన్న పని ఉంది. వచ్చే నెల ముగ్గురు అమ్మాయిలు గూడూరు, కొత్తగూడ, గంగారం మండలాల్లో చేరుతున్నారు. ముగ్గురికీ మొదటి కొలువే, ఇల్లు విడిచి ఉండటం మొదటిసారే. ఆ వైపు నుంచి వచ్చినవాళ్లు భోజనాలప్పుడు నన్ను కలవండి. నీళ్ల వసతి, లోపలి గొళ్లెం ఉన్న గది ఎవరింట్లో ఉందో రాసుకుంటాను.