తట్టు టీకా: లాభం ఎంత, రిస్క్ ఎంత?

 

పోయిన నెల మా అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, బుధవారం బాబుకి తొమ్మిది నెలల టీకా వేయించాలి. ముందు ఇది చూడు" అని వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ పంపింది. తట్టు టీకా వేస్తే పిల్లలకి ఆటిజం వస్తుందని అందులో ఉంది. అక్క భయపడటంలో తప్పులేదు. నెలన్నర టీకా వేసిన రోజు బాబుకి రాత్రంతా జ్వరం, ఒకటే ఏడుపు. పైగా పక్కనే మా అమ్మమ్మ, "మా కాలంలో ఏ టీకాలున్నాయే? తట్టు పోస్తే వేపాకు పరిచి పడుకోబెట్టేవాళ్ళం, అదే తగ్గిపోయేది" అంటోంది.

నేను డాక్టర్ని కాదు. బీటెక్ చదివి, సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసి వీడియోలు చేస్తున్నవాణ్ణి. అందుకే "ఏం కాదులే" అని ఫోన్ పెట్టేయలేదు. రెండు రోజులు కూర్చుని చదివాను. అక్కకి చెప్పిందే ఇప్పుడు మీకూ చెప్తున్నా.

ముందు జబ్బు సంగతి చూద్దాం. తట్టు అంటే మీజిల్స్. ఇది గాలిలో పాకే వైరస్. తట్టు ఉన్న పిల్లాడు గదిలోంచి వెళ్ళిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గాలిలో వైరస్ ఉండొచ్చు. రక్షణ లేనివాళ్ళు పదిమంది దగ్గరగా ఉంటే తొమ్మిది మందికి అంటుకుంటుంది. చాలామందికి తగ్గిపోతుంది, అది నిజమే. కానీ తట్టు వచ్చిన పిల్లల్లో 20 మందికి ఒకరికి న్యుమోనియా వస్తుంది. 1,000 మందిలో ఒకరికి మెదడు వాస్తుంది. మంచి ఆసుపత్రులున్న అమెరికాలోనే 1,000 మందికి ఒకరి నుంచి ముగ్గురు పిల్లలు చనిపోతారని లెక్క. సరైన తిండి లేనిచోట ఇంకా ఎక్కువ. ఇంకో విషయం, తట్టు తగ్గాక కూడా నష్టం మిగులుతుంది. అంతకుముందు వేరే జబ్బుల మీద శరీరం సంపాదించుకున్న జ్ఞాపకాన్ని ఈ వైరస్ కొంత చెరిపేస్తుంది.

మరి టీకా ఏం చేస్తుంది? ఇందులో ఉండేది బాగా బలహీనపరిచిన తట్టు వైరస్. శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపట్టి యాంటీబాడీలు తయారుచేస్తుంది. తర్వాత ఆ శత్రువు గుర్తుని మెమరీ సెల్స్ అనే కణాల్లో దాచుకుంటుంది. అసలు వైరస్ వచ్చిన రోజు మొదటినుంచి నేర్చుకోవాల్సిన పనిలేదు, వెంటనే ఎదుర్కొంటుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, సర్వర్ పడిపోయాక నేర్చుకునే పాఠాన్ని ముందే టెస్టింగ్‌లో నేర్చుకోవడం.

తొమ్మిది నెలలకే ఎందుకు? తల్లి దగ్గర్నుంచి వచ్చిన యాంటీబాడీలు మొదటి నెలల్లో బిడ్డ ఒంట్లో ఉంటాయి. అప్పుడే టీకా వేస్తే అవి టీకాలోని వైరస్‌ని కూడా ఆపేస్తాయి, పాఠం సరిగా ఎక్కదు. అవి తగ్గే టైమ్ చూసి మొదటి డోసు వేస్తారు. మొదటి డోసుకి కొంతమంది పిల్లల్లో రక్షణ రాదు, అందుకే 16 నుంచి 24 నెలల మధ్య రెండో డోసు. రెండూ పడితే 100లో సుమారు 97 మందికి రక్షణ ఉంటుంది. తొమ్మిది నెలలు నిండని పసిపిల్లలకి మాత్రం చుట్టూ ఉన్నవాళ్ళు వేయించుకోవడమే రక్షణ.

ఇప్పుడు రిస్క్. లేదని నేను చెప్పను. వేసిన వారం నుంచి 12 రోజుల మధ్య కొంతమందికి జ్వరం, ఒంటిమీద దద్దుర్లు వస్తాయి. సుమారు 3,000 నుంచి 4,000 డోసులకి ఒకరికి జ్వరంతో ఫిట్స్ రావొచ్చు. చూడ్డానికి భయంగా ఉంటుంది, వెంటనే డాక్టర్‌కి చూపించాలి, కానీ దాదాపు అందరూ పూర్తిగా కోలుకుంటారు. తీవ్రమైన అలర్జీ సుమారు 10 లక్షల డోసులకి ఒకటి. అది వస్తే ఎక్కువగా వేసిన కాసేపట్లోనే వస్తుంది. అందుకే అరగంట అక్కడే కూర్చోమంటారు. దయచేసి ఆ అరగంట కూర్చోండి. రోగనిరోధక శక్తి బాగా తక్కువున్న పిల్లలకి, ముందు డోసుకి తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్ళకి ఇది వేయకూడదు. ఏఎన్ఎంకి ముందే చెప్పండి. మామూలు జలుబుకి మాత్రం వాయిదా వేయక్కర్లేదు.

మరి ఆటిజం? ఆ మాట 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ డాక్టర్ పేపర్‌తో మొదలైంది. అందులో ఉన్నది 12 మంది పిల్లలు. దాన్ని ప్రచురించిన లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. అదే ఏడాది ఆయన డాక్టర్ రిజిస్ట్రేషన్ కూడా పోయింది. తర్వాత డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల రికార్డులు చూశారు. టీకా వేసుకున్నవాళ్ళలో ఆటిజం ఎక్కువేమీ లేదు. అక్కకి వచ్చిన ఫార్వర్డ్‌లో ఈ రెండో సగం లేదు.

ఇవన్నీ స్పీకర్‌ ఫోన్‌లో చెప్తుంటే అమ్మమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది, "మా చిన్న చెల్లెలు తట్టు తగ్గాక ఆయాసం వచ్చే పోయిందిరా. మూడేళ్ళు." ఇన్నేళ్ళలో ఆ చెల్లెలి పేరు మా ఇంట్లో నేను వినలేదు. "అందరికీ తగ్గిపోయేది" అని చెప్పడానికి మిగిలింది తగ్గినవాళ్ళే కదా.

బుధవారం బాబుకి టీకా వేయించారు. తొమ్మిదో రోజు జ్వరం వచ్చింది, ఛాతీ మీద నాలుగు దద్దుర్లు. వస్తాయని ముందే తెలుసు కాబట్టి అక్క కంగారుపడలేదు. ఏఎన్ఎంకి ఫోన్ చేసి, ఆవిడ చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వేసింది. రెండు రోజుల్లో తగ్గిపోయింది. రెండో డోసు తేదీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుంది.

మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈరోజే టీకా కార్డు తీసి చూడండి. ఒక డోసు మిస్సయినా కంగారుపడకండి, ఆశా వర్కర్‌ని అడిగితే చెప్తారు. ఈ వీడియో మీ ఫ్యామిలీ గ్రూప్‌లో కూడా షేర్ చేయండి. మళ్ళీ ఇంకో టాపిక్‌తో కలుద్దాం. ఉంటాను, నమస్తే.