ఒక యుద్ధం – అనేక సాక్ష్యాలు
(ఆలయ జీర్ణోద్ధరణ, కుంభాభిషేక మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



జీర్ణోద్ధరణ అనే మాటలో రెండు పనులు ఇమిడి ఉన్నవి. శిథిలమైన దానిని తిరిగి నిలబెట్టడం ఒకటి. నిలుపవలసినది ఏదో, తొలగింపదగినది ఏదో తెలుసుకోవడం రెండవది. మొదటి పనికి ద్రవ్యం కావాలి. దానిని మీరు ఉదారంగా సమకూర్చారు. రెండవ పనికి చరిత్ర తెలియాలి. ఆ చరిత్ర చందా పుస్తకం వలె ఒకే చేతివ్రాతలో దొరకదు. ఒకే సంఘటనను గెలిచినవాడు ఒక తీరున, ఓడినవాడు మరొక తీరున, పరదేశం నుంచి వచ్చిన వర్తకుడు ఇంకొక తీరున చెబుతాడు. అందరూ అబద్ధమాడుతున్నారని కాదు. ఎవరు నిలిచిన చోటు నుంచి వారికి కనబడినది అంత. ఈ సంగతిని మనకందరికీ తెలిసిన శ్రీకృష్ణదేవరాయల కళింగ దండయాత్ర ద్వారా మీకు మనవి చేస్తాను.

ముందుగా సింహాచల క్షేత్రానికి వెళ్దాము. 1516వ సంవత్సరంలో రాయలు అక్కడ వేయించిన తెలుగు శాసనం ఉన్నది. ఉదయగిరి, అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, కొండవీడు మొదలైన దుర్గాలను జయించినట్లు, పొట్నూరులో జయస్తంభం నాటినట్లు అందులో చెప్పుకొన్నాడు. తరువాత స్వామికి సమర్పించిన కానుకల వివరం: 991 ముత్యాల హారం, వజ్రపు కడియాలు, శంఖచక్రాల పతకం, బంగారు పళ్లెం. ఈ దానం ఎవరి పుణ్యం కొరకు? తల్లి నాగలాదేవికి, తండ్రి నరసానాయకునికి. ఈ ఆలయ గోడ మీద తల్లిదండ్రుల పేర విరాళం వ్రాయించిన మీకు ఆ వాక్యం కొత్తగా తోచదు. దుర్గాల పట్టికకు, తల్లి పేరుకు మధ్య ఒక్క శాసనంలో అంత దగ్గరితనం ఉండడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

ఆ ఆలయం అంతవరకు ఎవరి పోషణలో ఉన్నది? పదమూడవ శతాబ్దిలో తూర్పు గాంగ నరసింహదేవుని కాలంలో దానికి ఘనమైన పునర్నిర్మాణం జరిగింది. ఆపైన గజపతులు సేవించారు. అంటే రాయలు తన శత్రువు కొలిచిన దైవానికే హారం వేశాడు. నేటికీ గాంగుల శాసనాలూ, గజపతుల కాలపు శాసనాలూ, రాయల శాసనమూ ఆ ఒక్క ప్రాకారంలోనే ఉన్నవి. ఒక శాసనం మాత్రమే చదివినవానికి ఒక రాజు కనబడతాడు. అన్నీ చదివినవానికి ఆలయం కనబడుతుంది.

ఇప్పుడు ఉదయగిరి వైపు చూడండి. దీర్ఘమైన ముట్టడి తరువాత 1514లో ఆ దుర్గం రాయల వశమైంది. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తెచ్చి, కొత్తగా కట్టించిన ఆలయంలో 1515లో ప్రతిష్ఠించాడు. హంపీలోని ఆ కృష్ణాలయ శాసనం ఈ ప్రతిష్ఠను గొప్ప పుణ్యకార్యంగా చెబుతున్నది. అది పుణ్యకార్యమే; రాయల భక్తిని శంకించడానికి కారణం లేదు. కాని అంతవరకు ఆ బాలకృష్ణునికి నిత్యం వెన్న నివేదించిన ఉదయగిరి అర్చకుడు తన శాసనం వేయించుకోలేదు. ఆయన మాట ఏ శిల మీదా లేదు. ప్రతిష్ఠ జరిగిన చోట మంగళవాద్యం మ్రోగింది. విగ్రహం కదిలిన చోట ఏమి జరిగిందో మనం ఊహించుకోవలసినదే. ఆ విగ్రహంలో మిగిలిన భాగం నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది.

దేవుని వెంటబెట్టుకొని పోవడం మన వైపు రాజులు మాత్రమే చేసిన పని కాదు. ఒరియా వారి కాంచీ–కావేరీ గాథలో ప్రతాపరుద్రుని తండ్రి పురుషోత్తమ గజపతి దక్షిణానికి దండెత్తి, కాంచీపురం నుంచి వినాయకుని తెచ్చుకొన్నాడు. పూరీలో నేటికీ ఆ వినాయకుని చూపుతారు. ఆ గాథలో యుద్ధానికి కారణం వినదగినది. రథయాత్రనాడు గజపతి స్వయంగా బంగారు చీపురు పట్టి జగన్నాథుని రథం ఊడుస్తాడు. కంచి రాజు దీనిని విని, వీధులూడ్చేవానికి నా బిడ్డనివ్వనని సంబంధం త్రోసిపుచ్చాడట. పురుషోత్తముడు కోపించి, యుద్ధంలో గెలిచి, ఆ పద్మావతిని ఊడ్చేవానికే ఇచ్చి పెండ్లి చేయమని మంత్రిని ఆజ్ఞాపించాడు. వివేకియైన మంత్రి మరుసటి రథయాత్ర వరకు ఆగి, రాజు చీపురు పట్టి ఊడుస్తున్న వేళ ఆ కన్యను తెచ్చి, ఇంతకంటె తగిన ఊడ్చేవాడు నాకు దొరకలేదని విన్నవించాడు.

ఇందులో ఎంత చరిత్ర, ఎంత కల్పన అన్నది చరిత్రకారులు తేల్చవలసిన విషయం. నాకు ముఖ్యమైనది చీపురు. పూరీలో అది రాజుకు దక్కిన పరమ గౌరవం. కంచిలో అదే అవమానం. అయితే గాథ పూరీ వారిది గనుక కంచి రాజు గర్విష్ఠిగా మిగిలాడు. మరొక మాట కూడా చెప్పాలి. ఏడాదికొకసారి చీపురు పట్టిన రాజును కీర్తించే ఈ కథలో, ఏడాది పొడవునా ఊడ్చేవాని పేరు లేదు. పైగా అతనికి పిల్లనివ్వడం శిక్షగా పెట్టుకొన్న కథ ఇది. తరతరాలుగా విని ఆనందించిన మనం ఆ సంగతిని గమనించామా?

ఇక పరదేశి సాక్ష్యం. ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు రాయల తరువాత, అచ్యుతరాయల కాలంలో విజయనగరంలో ఉండి ఒక వృత్తాంతం వ్రాశాడు. రాబర్ట్ స్యూయెల్ 1900లో దానిని ఆంగ్లంలో ప్రకటించిన నాటి నుంచి మన పుస్తకాలన్నిటిలోకి అది వచ్చి చేరింది. కొండవీటి యుద్ధంలో చిక్కిన గజపతి కుమారుడు వీరభద్రుడు కత్తిసాములో ప్రసిద్ధుడనీ, రాజవంశీయుడు కాని వానితో తలపడమన్నందుకు అవమానపడి ప్రాణం తీసుకొన్నాడనీ నూనిజ్ చెప్పాడు. కన్నీరు తెప్పించే కథ. అయితే కర్ణాటకలోని దావణగెరె ప్రాంతంలో 1516 నాటి ఒక శాసనం దొరికింది. కృష్ణరాయలు తనకు మలెబెన్నూరు సీమను ఇచ్చినట్లు, అక్కడ తాను వివాహాలపై పన్నును తొలగించినట్లు ఈ వీరభద్రుడే అందులో చెబుతున్నాడు.

దీనితో నూనిజ్ మాట పూర్తిగా కొట్టివేయబడిందా? తరువాతి కాలంలో అటువంటి దుర్ఘటన జరగలేదని ఆ శిల చెప్పదు. కాని చిక్కిన వెంటనే చనిపోయాడన్న కథనం మాత్రం ఇక నిలవదు. ఎవరి దృష్టి వారిదే, అన్నీ సమానమే అనుకొని ఊరుకోవడం సోమరితనం. సాక్ష్యాన్ని సాక్ష్యంతో ఒరసి చూస్తే కొన్ని నిలుస్తవి, కొన్ని రాలిపోతవి. ఇరవై ఏళ్ల తరువాత అంగడిలో విన్న మాటకు, ఆ ఏడే చెక్కిన అక్షరానికి విలువ ఒకటి కాదు.

అదే శాసనం మరొక రహస్యం కూడా చెప్పింది, చూశారా? పెండ్లి చేసుకొన్నందుకు ప్రజలు రాజుకు పన్ను కట్టేవారు! వీరభద్రుడు తన దయను చాటుకోవడానికి దానిని వ్రాయించాడు. మనకు అందులో కనబడేది ఆ సీమలో ఆడపిల్ల పెండ్లికి అప్పు చేస్తూ పన్నుకు కూడా లెక్క చూసుకొన్న గృహస్థు.

తెలుగు వచనంలో రాయవాచకమనే గ్రంథం ఉన్నది. రాయల సభలో కూర్చొని వ్రాసినట్లుండే ఈ పుస్తకం సుమారు 1600 ప్రాంతంలో మధుర నాయకుల ఆస్థానంలో పుట్టినదని ఫిలిప్ వాగొనర్ 1993లో ప్రతిపాదించాడు. అందులో గజపతిపై విజయం కత్తి వలన కాక అప్పాజీ యుక్తి వలన లభిస్తుంది. తళ్లికోట పరాజయం తరువాతి తరాలవారు తమకు కావలసిన రాయలను అక్కడ నిలుపుకొన్నారు. పదహారవ శతాబ్ది తొలినాళ్ల యుద్ధానికి అది బలహీనమైన సాక్ష్యం. ఆ శతాబ్ది చివరినాటి మనసుకు మాత్రం బలమైన సాక్ష్యం.

దాతలారా, ఇదంతా ఈ వేదికపై ఎందుకు చెబుతున్నాను? పై సాక్ష్యాలలో సగం ఆలయ కుడ్యాలపై నిలిచినవే. జీర్ణోద్ధరణ పేరిట మన ప్రాంతాలలో పలుచోట్ల పాత స్తంభాలకు రంగులు పూశారు, అక్షరాలున్న రాళ్లను నేలలో పరచి పైన గ్రానైట్ వేశారు, ఇసుకను వేగంగా చిమ్మే యంత్రాలతో రాతిని శుభ్రం చేసి గీతలనే అరగదీశారు. భక్తితో చేసిన పనులే ఇవి. కాని ఒక సాక్షి నోరు మూసినట్లయింది. ఆ రాతి మీద రాజే ఉండనక్కరలేదు. అఖండ దీపానికి గొర్రెలిచ్చిన ఒక గృహిణి, నేయి పోసే బాధ్యత తీసుకొన్న ఒక కాపరి ఉండవచ్చు. వారిని గురించి మరెక్కడా వ్రాయబడలేదు.

శాసనానికి ప్రతి తీయడం కష్టమైన పని కాదు. తడి కాగితం రాతికి అద్ది, కుంచెతో తట్టి, సిరా పూస్తే అక్షరాలు తెల్లగా తేలుతవి. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ శాసన విభాగం మైసూరులో ఉన్నది, తెలియజేస్తే చదివేవారున్నారు. మీ పొలం గట్టున, బావి చప్టాలో అక్షరాలున్న రాయి ఉంటే కదపక, కడగక, ముందు ఛాయాచిత్రం తీసి ఆలయ కార్యాలయంలో ఇవ్వండి. వృద్ధులు చెప్పే స్థలగాథలను వారి మాటలలోనే, చెప్పినవారి పేరుతో వ్రాసి ఉంచండి. శాసనంతో కలవకపోయినా దిద్దవద్దు.

మీ పేర్లు చెక్కే ఫలకం మీద ఇంకొక నాలుగు పంక్తులకు చోటు విడువండి. పూర్వం అక్కడ ఏ మండపం ఉన్నదో, దేనిని తొలగించారో, ఏ రాయిని ఎక్కడికి మార్చారో, పనిచేసిన స్థపతి, శిల్పులు, కూలీలు ఎవరో, తేదీతో సహా అందులో చెక్కించండి.