రెండో ఏడాదిలో చేరేవాళ్లం: ఉస్మానియానా, జేఎన్‌టీయూనా?

(సంఘం వార్షికోత్సవ సభలో యువతతో ఇద్దరు అక్కాచెల్లెళ్లు కలిసి చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు మమ్మల్ని ఇద్దరినీ కలిపి మాట్లాడమన్నారు. దానికి కారణం ఉంది. మేమిద్దరం ఒకే తండాలో పుట్టాం, వరసకు అక్కాచెల్లెళ్లం. ఒకే పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాం. ఒకే ఏడాది ఈసెట్ రాశాం. ర్యాంకులు కూడా దగ్గర దగ్గరగానే వచ్చాయి. ఆ తర్వాత ఒకరం ఉస్మానియా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో చేరాం, ఇంకొకరం కూకట్‌పల్లిలోని జేఎన్‌టీయూ క్యాంపస్ కాలేజీలో చేరాం. అప్పటి నుంచి ఏటా ఈసెట్ ఫలితాలు రాగానే మా ఇద్దరి ఫోన్లూ మోగుతాయి. అందరిదీ ఒకటే ప్రశ్న: "అక్కా, రెండింటిలో ఏది మంచిది?" మేం విడివిడిగా చెబితే ఎవరి కాలేజీని వాళ్లు పొగుడుకున్నట్టు ఉంటుంది. అందుకే ఈ రోజు కలిసి చెబుతున్నాం.

పదో తరగతి పిల్లలు కూడా ఇక్కడ ఉన్నారు కాబట్టి ముందు రెండు మాటలు. పది తర్వాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరితే మూడేళ్ల డిప్లొమా. అది అయ్యాక ఈసెట్ రాస్తే ఇంజినీరింగ్‌లో నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు. దీన్నే లేటరల్ ఎంట్రీ అంటారు. పరీక్ష 200 మార్కులకు ఉంటుంది. గణితం 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మిగతా 100 మార్కులు మనం చదివిన బ్రాంచి నుంచి వస్తాయి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ర్యాంకు ఇవ్వడానికి కనీస మార్కుల నిబంధన లేదు. తెలంగాణలో 2022లో గిరిజన రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెరిగింది. దారి ఉంది. కానీ లేటరల్ సీట్లు ఒక్కో బ్రాంచిలో చాలా తక్కువగా ఉంటాయి. కాబట్టి ర్యాంకు వచ్చినవాళ్లు ఆప్షన్లు తెలివిగా పెట్టుకోవాలి.

మేం ఎలా పెట్టుకున్నామో చెబితే నవ్వుతారు. మాలో ఒకరు ఉస్మానియా ఎంచుకోవడానికి కారణం ఆర్ట్స్ కాలేజీ భవనం. చిన్నప్పుడు పుస్తకం మీద ఆ బొమ్మ చూసి, చదివితే అక్కడే చదవాలనుకుంది. ఇంజినీరింగ్ కాలేజీ వేరే భవనమని చేరిన రోజు తెలిసింది! ఇంకొకరు జేఎన్‌టీయూ ఎంచుకోవడానికి కారణం కూకట్‌పల్లిలో మేనమామ ఇల్లు ఉండటం. అమ్మాయిని ఒంటరిగా పంపించం, మామ ఉన్నాడు కదా అని ఇంట్లో వాళ్లే తేల్చేశారు. రెండు నెలలకు మామకు పని వేరే ఊళ్లో దొరికి కుటుంబంతో వెళ్లిపోయాడు. అలా మా ఇద్దరి కారణాలూ మూడు నెలలు కూడా నిలవలేదు.

అసలు ఇంట్లో వాళ్లకు మమ్మల్ని ఎక్కడికీ పంపే ఆలోచనే లేదు. డిప్లొమా అయింది కదా, ఏదైనా ఉద్యోగ పరీక్ష రాయరాదా అన్నారు. మాలో ఒకరికి అప్పటికే సంబంధాలు చూస్తున్నారు. తండాలో తీజ్ జరుగుతోంది. గోధుమ మొలకల బుట్టలకు నీళ్లు పోస్తూనే ఒకవైపు సర్టిఫికెట్ల వెరిఫికేషన్ తేదీ గురించి గొడవ. మూడేళ్లు ఆగితే సంబంధం పోతుందని ఒక మాట, మూడేళ్లు చదివితే జీవితం మారుతుందని ఒక మాట. చివరికి ఒప్పుకున్నారు. కానీ ఒక షరతు పెట్టారు: ఎక్కడా తప్పకూడదు, మూడేళ్లలో పట్టా చేతికి రావాలి. అందుకే ఏ యూనివర్సిటీ అన్నది మాకు పేరు ప్రతిష్ఠల విషయం కాదు. తప్పితే మా వెనక ఉన్న చెల్లెళ్లకు దారి మూసుకుపోతుందని మాకు తెలుసు.

ఇప్పుడు రెండు యూనివర్సిటీల సంగతి. ఉస్మానియా 1918లో మొదలైంది. ఇంజినీరింగ్ కాలేజీ 1929 నాటిది. అది అన్ని రకాల చదువులూ ఉన్న పెద్ద క్యాంపస్. ఆర్ట్స్, సైన్స్, లా విద్యార్థులంతా ఒకే ఆవరణలో తిరుగుతుంటారు. మన పిల్లలు పీజీలో, పీహెచ్‌డీలో కనిపిస్తారు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు లైబ్రరీలో దొరుకుతారు. ఇంజినీరింగ్ చదువుతూనే సమాజం గురించి వినాలనుకునే వాళ్లకు ఆ గాలి బాగుంటుంది. జేఎన్‌టీయూ 1972లో సాంకేతిక విద్య కోసమే పెట్టిన విశ్వవిద్యాలయం. 2008లో దాన్ని విడదీశాక హైదరాబాద్‌ది విడిగా జేఎన్‌టీయూహెచ్ అయింది. దాని క్యాంపస్ కాలేజీ 1965లో నాగార్జునసాగర్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైంది. అక్కడ చుట్టూ ఉండేది ఎక్కువగా ఇంజినీరింగ్ మాటే. మియాపూర్, హైటెక్ సిటీ వైపు ఐటీ కంపెనీలు దగ్గర. సాయంత్రం కోర్సులు, ఇంటర్న్‌షిప్‌లు వెతుక్కునే వాళ్లకు అది కలిసి వస్తుంది.

చాలామంది భయపడే విషయం ఒకటి ఉంది. ఉస్మానియా ఇచ్చే పట్టాను బీఈ అంటారు, జేఎన్‌టీయూ ఇచ్చేదాన్ని బీటెక్ అంటారు. "బీఈ అంటే తక్కువా అక్కా?" అని అడుగుతారు. తక్కువ కాదు. రెండూ ఒకే స్థాయి పట్టాలు. ఉద్యోగానికీ, గేట్ పరీక్షకూ, ఎంటెక్‌కూ రెండూ సమానమే. ఈ ఒక్క అక్షరం చూసి ఆప్షన్ మార్చుకున్న పిల్లలు మాకు తెలుసు. మీరు ఆ పని చేయకండి.

ఇంకో పొరపాటు అంతకంటే పెద్దది. జేఎన్‌టీయూ కింద చాలా ప్రైవేటు కాలేజీలు ఉన్నాయి, ఉస్మానియా కిందా ఉన్నాయి. వాటిలో చదివినా పట్టా మీద యూనివర్సిటీ పేరే ఉంటుంది. కానీ క్యాంపస్ కాలేజీ వేరు, అనుబంధ కాలేజీ వేరు. ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పూర్తి పేరు, ఊరు, కోడ్ చూసి పెట్టండి. ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చున్న అన్న హడావిడిలో నొక్కేస్తే మూడేళ్లు కూర్చోవాల్సింది మీరు.

ఇక అసలు కష్టం చెబుతాం. అది రెండు చోట్లా ఒకటే. మనం వెళ్లేసరికి క్లాసులో మిగతావాళ్లు ఏడాదిగా కలిసి ఉన్నారు. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో అప్పటికే స్థిరపడిపోయింది. మొదటి సంవత్సరంలో వాళ్లు చదివిన ఐగెన్ విలువలు, వెక్టర్ కాలిక్యులస్ మనకు తెలియవు. సార్లు "ఇది మీకు తెలిసిందే కదా" అని ముందుకు వెళ్లిపోతారు. మనం చేయి ఎత్తం. ఎత్తితే ఇంగ్లిష్‌లో అడగాలి. ఇంట్లో గోర్ బోలి, బడిలో తెలుగు, పరీక్షలో ఇంగ్లిష్. మూడో భాషలో సందేహం అడగడం మాకు చాలా రోజులు రాలేదు.

మాలో ఒకరికి ఆ మొదటి సెమిస్టర్‌లో గణితం పోయింది. ఎవరికో, ఎక్కడో చెప్పం. ఎందుకంటే అది ఏ చోటైనా జరిగేదే. ఫలితాలు వచ్చిన రాత్రి ఇంటికి ఫోన్ చేసి "యాడీ, వచ్చేస్తా" అంది. వాళ్లమ్మ చదువుకోలేదు, సెమిస్టర్ అంటే ఆమెకు తెలియదు. కాసేపు విని, "నాటు వేసిన మర్నాడు నారు వాడిపోయి ఉంటుంది. అది చూసి ఎవరన్నా పీకేస్తారా? నాలుగు రోజులు నీళ్లు చూసుకో" అంది. అంతే. మర్నాడు ఆమె బస్సెక్కలేదు.

ఆ నీళ్లు ఏమిటో మేం తర్వాత కనిపెట్టాం. ఆదివారం ఒకరం తార్నాకలో మెట్రో ఎక్కేవాళ్లం, ఒకరం జేఎన్‌టీయూ కాలేజీ స్టేషన్‌లో ఎక్కేవాళ్లం. అమీర్‌పేటలో దిగి కలిసేవాళ్లం. మొదటి సంవత్సరం గణితం పుస్తకం ఒకటి సంపాదించి మొదటి పేజీ నుంచి ఇద్దరం చేసుకుంటూ వచ్చాం. రెండు సిలబస్‌లూ అచ్చంగా ఒకటి కావు, కానీ పునాది లెక్కలు ఒకటే. మరుసటి పరీక్షలో ఆ సబ్జెక్ట్ పాసైంది. ఇంతలో ల్యాబ్‌లో సంగతి తిరగబడింది. మోటారు కనెక్షన్ ఇవ్వడానికి మిగతావాళ్లు భయపడుతుంటే మనకు అది డిప్లొమాలో చేతికి అలవాటైన పని. మొదట ల్యాబ్‌లో మమ్మల్ని అడిగారు, తర్వాత క్లాసులో పక్కన కూర్చున్నారు.

కాబట్టి ఏది మంచిదంటే మేం చెప్పే జవాబు ఇది: రెండూ మంచివే. మొదటి ఆరు నెలలు మీరు ఎక్కడ నిలదొక్కుకోగలరో అదే మీకు మంచిది. దాన్ని ఎలా తెలుసుకోవాలంటే, ఆప్షన్లు పెట్టే ముందు ఒక్క రోజు హైదరాబాద్ వచ్చి రెండు క్యాంపస్‌లూ తిరగండి. మెట్రోలో ఒక్క పూటలో రెండూ చూడవచ్చు. వెళ్లినప్పుడు భవనాలు చూడకండి, ఈ నాలుగూ అడగండి.

మొదటిది, మీ బ్రాంచి. ఎలక్ట్రికల్, సివిల్, మెకానికల్ లాంటివి రెండు చోట్లా ఉన్నాయి. బయోమెడికల్ కావాలంటే ఉస్మానియా చూడాలి, మెటలర్జీ కావాలంటే జేఎన్‌టీయూ చూడాలి. మీ డిప్లొమాతో ఏ బ్రాంచికి అర్హత ఉందో ముందే చూసుకోండి. యూనివర్సిటీ పేరు కోసం ఇష్టం లేని బ్రాంచి తీసుకోవద్దు.

రెండోది, ఉండే చోటు. హాస్టల్‌లో రెండో సంవత్సరంలో వచ్చేవాళ్లకు గది ఎప్పుడిస్తారు, మెస్ బిల్లు నెలకు ఎంత, దగ్గరలో గిరిజన సంక్షేమ శాఖ హాస్టల్ ఉందా అని అడగండి. చుట్టాల ఇల్లు ఉందని మాత్రం ధైర్యపడకండి. మా మామ కథ విన్నారు కదా.

మూడోది, సీనియర్లు. మీ బ్రాంచిలో లేటరల్‌గా వచ్చి చదువుతున్నవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? ఉంటే నంబరు తీసుకోండి. పాత నోట్సులు, ఏ సబ్జెక్ట్ దగ్గర జాగ్రత్తపడాలో వాళ్లకే తెలుసు. మన కులమే కానక్కర్లేదు, మన జిల్లానే కానక్కర్లేదు. అదే దారిలో వచ్చినవాళ్లయితే చాలు.

నాలుగోది, డబ్బు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఈపాస్‌లో ఏటా దరఖాస్తు చేయాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు మీసేవలో ముందే తీసి పెట్టుకోండి. ఆ డబ్బు పడేదాకా మొదటి రెండు మూడు నెలల ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి. ఈ లెక్క వేయకుండా వచ్చి మధ్యలో వెళ్లిపోయిన పిల్లలు ఉన్నారు, చదువు రాక కాదు.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోండి. మిగతావాళ్లకు ఎనిమిది సెమిస్టర్లు, మనకు ఆరే. వాళ్లకు ఒక సెమిస్టర్ చెడితే ఎనిమిదిలో ఒకటి, మనకు ఆరింట ఒకటి. చివరి సంవత్సరం మొదట్లో కంపెనీలు వచ్చేసరికి మన చేతిలో నాలుగు సెమిస్టర్ల మార్కులే ఉంటాయి. అందుకే చేరిన మొదటి రోజు నుంచే గణితం, ఇంగ్లిష్ పట్టుకోవాలి.

ఆప్షన్ల వరస మీ ఇష్టం ప్రకారమే పెట్టండి. ర్యాంకు రాదేమో అని ఇష్టమైనదాన్ని కింద పెడితే నష్టపోయేది మీరే. రెండో విడతలో ఒక జాగ్రత్త ఉంది. కొత్త సీటు వస్తే పాత సీటు దానంతటదే పోతుంది. ఉన్న సీటు కంటే మంచిదనుకున్న వాటినే అప్పుడు పెట్టండి. చేరి చదువు మొదలుపెట్టాక ఇక్కడి నుంచి అక్కడికి మారదామంటే అంత తేలిక కాదు. తిరగడం, అడగడం అన్నీ ముందే చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న మన పిల్లలకు ఇదే ప్రశ్న ఆంధ్రా యూనివర్సిటీ, జేఎన్‌టీయూ కాకినాడల మధ్య వస్తుంది. పేర్లు మారతాయి, అడగాల్సినవి ఇవే.

పెద్దలకు ఒక విన్నపం. రెండు క్యాంపస్‌లలో చదువుతున్న, చదివిన మన పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు వాళ్ల అనుమతితో సంఘం దగ్గర ఒక పుస్తకంలో ఉండాలి. ఫలితాలు వచ్చిన వారంలో కొత్త పిల్లలను వాళ్లతో కలపాలి. మాకు ఆ పుస్తకం లేదు. మేం ఇద్దరం ఒకరికొకరం ఉన్నాం కాబట్టి నిలబడ్డాం. ఒంటరిగా వెళ్లిన పిల్ల ఆ రాత్రి ఎవరికి ఫోన్ చేస్తుంది? ఆ పుస్తకంలో మొదటి రెండు పేర్లు మావి రాసుకోండి.

సంబంధం సంగతి అడుగుతారేమో. అది పోయింది. ఇంట్లో ఇప్పుడు ఎవరికీ దాని గురించి బాధ లేదు. మా వెనక తండా నుంచి ఇంకో ఇద్దరు చెల్లెళ్లు పాలిటెక్నిక్‌లో ఉన్నారు. ఈ ఏడాది ఈసెట్‌కు చదువుతున్నారు, ఇక్కడే మూడో వరసలో కూర్చున్నారు. వాళ్లు ఉస్మానియాకు వెళ్లినా, జేఎన్‌టీయూకు వెళ్లినా మాకు సంతోషమే. ఆదివారం అమీర్‌పేట స్టేషన్‌లో కలవడానికి మేం వస్తాం.

జై సేవాలాల్.